ఇంటిల్లిపాదికీ ఇంగ్లీషు: ‘చేస్తాను’ అంటే నేడా, రేపా?

 

ఈ నెల పాఠానికి ఒక ఉత్తరం కారణమయింది. విజయనగరం జిల్లా నుంచి ఒక తల్లి రాశారు. ఆమె కుమారుడు ఐటీఐ పూర్తిచేసి, మూడేళ్లుగా ఏసీలు బాగుచేసే దుకాణంలో పనిచేస్తున్నాడు. గల్ఫ్‌లో ఒక ఉద్యోగానికి ఫోనులో ఇంటర్వ్యూ జరిగింది. ‘మీరు ఏం పని చేస్తారు?’ అని అవతలివారు ఇంగ్లీషులో అడిగారు. అబ్బాయి తడుముకోకుండా, ‘ఐ విల్ రిపేర్ ఏసీస్, ఐ విల్ వర్క్ ఇన్ ఎ షాప్’ అన్నాడు. ఆ తరువాత రెండు మూడు ప్రశ్నలతోనే సంభాషణ ముగిసింది. అనుభవం లేదన్న కారణంతో ఉద్యోగం రాలేదని వారం తరువాత తెలిసింది.

‘మూడేళ్లు ఎండల్లో మిద్దెలెక్కి పనిచేసిన బిడ్డకు అనుభవం లేదని ఎలా అన్నారు? చేస్తాను అంటే విల్ డూ అనే కదా బడిలో చెప్పారు?’ అన్నది ఆ తల్లి ప్రశ్న. ఉత్తరంలో మాకు సంబంధించిన వాక్యం కూడా ఒకటి ఉంది. దానిని చివర చెప్పుకొందాం. ముందుగా ఆమె ప్రశ్నకు సమాధానం వెదకుదాం.

ఆ అబ్బాయి పలికింది తప్పు ఇంగ్లీషు కాదు. అతడి వాక్యాలలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. కాని అవి అతడు చెప్పదలచిన వాక్యాలు కావు. ‘ఐ రిపేర్ ఏసీస్’ అంటే అది నా వృత్తి, నిత్యం చేసే పని అని అర్థం. ‘ఐ విల్ రిపేర్ ఏసీస్’ అంటే ఇకమీదట చేస్తాను అని అర్థం. ‘విల్’ అనే ఒక్క చిన్న మాట మూడేళ్ల అనుభవాన్ని చెరిపివేసి, దానిని రేపటి కోరికగా మార్చివేసింది.

ఈ పొరపాటుకు మూలం ఇంగ్లీషులో లేదు, మన తెలుగులో ఉంది. ‘నేను రోజూ ఫజ్ర్‌కు మసీదుకు వెళ్తాను’ అంటాం. ‘రేపు విశాఖపట్నం వెళ్తాను’ అనీ అంటాం. మొదటిది అలవాటు, రెండవది భవిష్యత్తు. క్రియారూపం మాత్రం ఒక్కటే. ‘రోజూ’, ‘రేపు’ అనే మాటలే మనకు తేడా తెలుపుతాయి. పూర్వ వ్యాకరణం ఈ రెండింటినీ వేరుచేసింది. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు ‘తద్ధర్మం’ అనేది విడిగా కనిపిస్తుంది. తద్ధర్మమంటే స్వభావాన్నీ అలవాటునూ తెలిపేది. వాడుక తెలుగులో నేడు తద్ధర్మానికీ భవిష్యత్తుకూ ఒకే రూపం చెల్లుతున్నది. అందుకే తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో పలికేవారికి ‘చేస్తాను’ దగ్గర రెండు దారులు ఎదురవుతాయి. బడిలో ఒక్క దారే చూపితే బిడ్డ ఆ ఒక్క దారినే నడుస్తాడు.

పూర్వ గ్రాంథికంలో భవిష్యత్తుకు ‘రాగలడు’, ‘చేయగలడు’ అనే రూపాలు ఉండేవి. నేటి వాడుకలో వాటికి ‘శక్తి ఉంది’ అనే అర్థం స్థిరపడింది. పెళ్లి పత్రికలోని ‘విచ్చేయగలరు’ అన్న మాటలో మాత్రం పాత ఛాయ మిగిలి ఉంది. దానిని చూసి ‘యు కెన్ కమ్’ అని అనువదిస్తే, ‘రావాలంటే రావచ్చు’ అన్నట్లు ఉంటుంది. పిలుపులోని మర్యాద పోతుంది.

పుస్తకభాషకూ నోటిభాషకూ ఉన్న ఈ దూరాన్ని గుర్తించిన గడ్డ మనది. 20వ శతాబ్ది తొలి దశకంలో మన ఉత్తర జిల్లాలకు పాఠశాలల తనిఖీ అధికారిగా ఉన్న జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు, బడిలో చెప్పే తెలుగుకూ బయట వినిపించే తెలుగుకూ ఇంత తేడా ఎందుకున్నదని ప్రశ్నించారు. శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి ఆ ప్రశ్నను తన జీవితకాల ఉద్యమంగా మార్చారు. ఆయన సవరలతో మాట్లాడుతూ సవర భాష నేర్చుకొని, 1931లో దానికి ఇంగ్లీషులో వ్యాకరణ గ్రంథాన్ని ప్రచురించారు. మాట్లాడేవారి నోటి నుంచి భాషను నేర్చుకోవాలి, వ్యాకరణం దాని వెంట రావాలి అన్నది ఆయన బతుకు చెప్పే పాఠం.

అదే కాలపు విజయనగరంలో గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ రాశారు. 1892లో తొలిసారి ప్రదర్శితమైన ఆ నాటకంలో, కొడుకు నోట ఇంగ్లీషు వినాలని ఒక తల్లి ముచ్చటపడుతుంది. గిరీశం, వెంకటేశం పొంతనలేని ఇంగ్లీషు ముక్కలు అప్పజెప్పి ఆమెను మురిపిస్తారు. చదివి మనం నవ్వుతాం. కాని ఆ తల్లి ముచ్చట నవ్వదగినది కాదు. మాకు ఉత్తరం రాసిన తల్లిదీ అదే ఆశ. బిడ్డ నోట ఇంగ్లీషు మాటలు పలికితే చాలదు, తాను అనుకొన్నది అవతలివారికి చేరాలి.

ఇక్కడ ఉర్దూ మాట్లాడే కుటుంబాలకు ఒక తాళంచెవి ఇంట్లోనే ఉంది. ‘మై కామ్ కర్తా హూఁ’ అంటే చేస్తూ ఉంటాను అని అర్థం. ‘మై కామ్ కరూంగా’ అంటే ఇకముందు చేస్తాను అని. ఉర్దూ ఈ రెండింటినీ స్పష్టంగా వేరుచేస్తుంది. కనుక ‘విల్’ పలకబోయే ముందు మనసులో ఆ వాక్యాన్ని ఉర్దూలో ఒకసారి అనుకోండి. చివర ‘గా, గే, గీ’ వస్తేనే ‘విల్’ గురించి ఆలోచించండి. ‘తా హూఁ, తీ హూఁ’ వస్తే ‘విల్’ వద్దు. ఒక హెచ్చరిక: దక్కనీ వాడుకలో ‘కల్ ఆతూఁ’ అని రేపటి పనికీ అంటూంటారు. పరీక్షించేటప్పుడు పూర్తి ఉర్దూ రూపాన్నే తీసుకోండి. తెలుగు మాత్రమే మాట్లాడే ఇళ్లవారు వాక్యంలో ‘రోజూ’ చేర్చి చూడండి. ‘రోజూ ఏసీలు బాగుచేస్తాను’ అన్నది అతికితే, అది మీరు చెప్పదలచిన అర్థమే అయితే, ‘విల్’ అక్కరలేదు.

ఇక అసలు భవిష్యత్తు సంగతి. భూతకాలానికి ఇంగ్లీషు క్రియ తన రూపం మార్చుకొంటుంది. ‘వర్క్’ అన్నది ‘వర్క్‌డ్’ అవుతుంది. భవిష్యత్తుకు మాత్రం అటువంటి రూపం లేదు. వేరే మాటలను అరువు తెచ్చుకొంటుంది. వాటిలో ‘విల్’ ఒకటి. పాత ఇంగ్లీషులో ఆ మాటకు ‘కోరుట’ అని అర్థం. ఆ కోరిక, సంకల్పం అనే అర్థం మన ‘వీలునామా’లో ఇప్పటికీ ఉంది. అందులోని ‘వీలు’ ఈ ఇంగ్లీషు ‘విల్’ అనే మాటే. ‘షల్’ అన్నదానికి మొదట ‘బాకీపడి ఉండుట’ అని అర్థం. ఒకటి కోరిక నుంచి, మరొకటి బాధ్యత నుంచి పుట్టినవి.

వీటి వాడుకలను మన ఇంటి సందర్భాలలో చూద్దాం.

తలుపు తట్టిన చప్పుడు వినిపించింది. ‘నేను తీస్తాను’ అని లేస్తారు. అప్పటికప్పుడు తీసుకొన్న నిర్ణయం. ‘ఐ విల్ ఓపెన్ ఇట్.’ అత్తగారికి మందులు అయిపోయాయని విన్నారు. ‘నేను తెస్తాను, అత్తమ్మా’ అన్నారు. మాట ఇవ్వడం. ‘ఐ విల్ బ్రింగ్ దెమ్.’ తక్షణ నిర్ణయానికీ, వాగ్దానానికీ, మన అంచనాకూ ‘విల్’ తగిన మాట.

భావనపాడు తీరంలో నిలబడి నల్లబడుతున్న ఆకాశాన్ని చూసి ‘వాన పడేలా ఉంది’ అంటాం. కళ్లెదుట ఆధారం ఉంది. ఇక్కడ ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్’ అనాలి. ముందే మనసులో నిశ్చయించుకొన్న పనికీ ఇదే మాట. ‘ఈ ఏడు కంప్యూటర్ కోర్సులో చేరబోతున్నాను’ అంటే ‘ఐ యామ్ గోయింగ్ టు జాయిన్ ఎ కంప్యూటర్ కోర్స్.’

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ‘గోయింగ్’ అంటే వెళ్లడం కదా, చేరడానికీ వాన పడడానికీ వెళ్లడంతో ఏం పని అని పిల్లలు అడుగుతారు. మన ‘చేరబోతున్నాను’ను విడదీసి చూపండి. ‘చేర’, ‘పోతున్నాను’ అని రెండు మాటలు వస్తాయి. ‘పోవు’ అన్న మాటే ఇక్కడ ‘బోవు’ అయింది. ఉర్దూలోని ‘గా’ కూడా ‘పోయిన’ అనే అర్థమున్న పాత మాట నుంచే వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. రేపటిని ఒక ఊరుగా భావించి అటువైపు నడుస్తున్నట్లు మాట్లాడటం ఈ మూడు భాషలకూ అలవాటే. ఇది తెలిసిన బిడ్డకు ‘గోయింగ్ టు’ పరాయి మాటగా తోచదు. ‘బోతున్నాను’ అనదగిన చోట చాలా వరకు ‘గోయింగ్ టు’ అనవచ్చు.

ఇక నిశ్చయం దాటి ఏర్పాట్లు జరిగిన పనులు. చెల్లెలి నికాహ్ శుక్రవారమని నిర్ణయమైంది. ఖాజీ సాహెబ్‌కు చెప్పారు, హాలు మాట్లాడారు, వంటవారికి బయానా ఇచ్చారు. అప్పుడు ‘మై సిస్టర్ ఈజ్ గెటింగ్ మ్యారీడ్ ఆన్ ఫ్రైడే’ అంటే చాలు. చూడటానికి వర్తమానంలా ఉన్నా, శుక్రవారం అన్న మాటతో అది భవిష్యత్తు అవుతుంది. మనం కూడా ‘శుక్రవారం బయలుదేరుతున్నాం’ అంటాం కదా.

మన చేతిలో లేని కాలపట్టికలకు సామాన్య వర్తమానం. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషనులో నిలబడి, ‘బండి ఆరింటికి బయలుదేరుతుంది’ అనాలంటే ‘ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్’ అంటే సరి. బడి తెరిచే రోజుకూ, పరీక్ష మొదలయ్యే సమయానికీ ఇదే పద్ధతి.

‘షల్’ అంటే వెనుకటి పాఠాలు గుర్తుకువస్తాయి. ‘ఐ, వుయ్’ పక్కన ‘షల్’, మిగతావాటి పక్కన ‘విల్’ అని వల్లెవేయించేవారు. ఆ నియమాన్ని జాన్ వాలిస్ అనే ఆంగ్ల పండితుడు 1653లో లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో పొందుపరచాడు. నేటి మాటల్లో దాని అవసరం దాదాపు లేదు. అనుమతి అడిగేటప్పుడూ సూచన చేసేటప్పుడూ ‘షల్ ఐ మేక్ టీ?’, ‘షల్ వుయ్ స్టార్ట్?’ అంటాం. అంతవరకు వస్తే చాలు.

కాని ఒక్కచోట ‘షల్’ను కళ్లు పెద్దవి చేసుకొని చదవాలి. అది ఉద్యోగ ఒప్పంద పత్రం. ‘ద ఎంప్లాయర్ షల్ ప్రొవైడ్ అకామడేషన్’ అని ఉంటే వసతి కల్పించడం యజమాని విధి. అదే వాక్యంలో ‘షల్’కు బదులు ‘మే’ ఉంటే, ఇవ్వవచ్చు, ఇవ్వకపోనూవచ్చు. మన జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లే యువకులు సంతకం చేసేముందు ప్రతి ‘షల్’ కింద, ప్రతి ‘మే’ కింద గీత గీసుకొని చదవాలని మనవి. అర్థం కానిది తెలిసినవారితో చదివించుకోవడానికి సిగ్గుపడవద్దు.

రేపటిని ఎంత నమ్మకంతో చెబుతున్నామన్నది కూడా భాషలో తెలియాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన సంగతి మన వారెవ్వరూ మరువలేరు. వాతావరణ శాఖ ఇంగ్లీషు ప్రకటనలలో ‘లైక్లీ’, ‘వెరీ లైక్లీ’ అనే మాటలు తరచూ కనిపిస్తాయి. ‘అవకాశం ఉంది’, ‘అవకాశం చాలా ఎక్కువ’ అని వాటి భావం. ‘ఇట్ మే రెయిన్’ కంటె ‘ఇట్ ఈజ్ లైక్లీ టు రెయిన్’, దానికంటె ‘ఇట్ విల్ రెయిన్’ బలమైన మాటలు. తెలిసినంత మేరకే చెప్పడం శాస్త్రానికీ అవసరమే, సత్యానికీ అవసరమే.

ఇక షరతు వాక్యం. షాబాన్ నెల 29వ నాటి సాయంకాలం రమజాన్ నెలవంక కోసం, రమజాన్ 29వ నాటి సాయంకాలం పండుగ నెలవంక కోసం ఇంటిల్లిపాదీ మిద్దెపై నిలబడతారు. ‘ఈ రాత్రి నెలవంక కనిపిస్తే రేపు ఈద్.’ ఇంగ్లీషులో ‘ఇఫ్ వుయ్ సీ ద మూన్ టునైట్, టుమారో విల్ బి ఈద్.’ చూసేది కూడా ఇంకా జరగవలసినదే, అయినా ‘ఇఫ్’ పక్కన ‘విల్’ చేరలేదు. ‘వెన్, బిఫోర్, ఆఫ్టర్, అన్‌టిల్’ మొదలైన మాటలు కాలాన్ని తెలిపేటప్పుడు కూడా ఇంతే. ‘అబ్బా వచ్చాక తింటాం’ అంటే ‘వుయ్ విల్ ఈట్ వెన్ అబ్బా కమ్స్.’

ఇక్కడ ఉర్దూ తాళంచెవి పనిచేయదు. ‘చాంద్ నజర్ ఆయేగా తో’ అనే అలవాటు వల్ల ‘ఇఫ్ వుయ్ విల్ సీ’ అని నోరు జారుతుంది. తెలుగే ఇక్కడ దారి చూపుతుంది. ‘కనిపిస్తే’, ‘వచ్చాక’, ‘వచ్చేదాకా’ అనే రూపాలలో భవిష్యత్తు గుర్తు ఏదీ లేదు. ఇంగ్లీషు కూడా అక్కడ ‘విల్’ను వదిలివేస్తుంది. అలవాటునూ భవిష్యత్తునూ వేరుచేయడానికి ఉర్దూ సాయం, షరతు వాక్యానికి తెలుగు సాయం. రెండు భాషలున్న ఇల్లు ఇంగ్లీషు నేర్చుకోవడానికి అడ్డంకి అని ఎవరైనా అంటే నమ్మకండి.

మిగిలిన రెండు రూపాలను క్లుప్తంగా చెప్పుకొందాం. రేపు ఒకానొక వేళకు పని సాగుతూ ఉంటుందని చెప్పడానికి ‘విల్ బి’: ‘ఎట్ ఫైవ్, ఐ విల్ బి కుకింగ్ ఫర్ ఇఫ్తార్.’ ఆ వేళకు ముగిసిపోయి ఉంటుందని చెప్పడానికి ‘విల్ హావ్’: ‘బై మగ్రిబ్, ఐ విల్ హావ్ ఫినిష్డ్.’

ఇంట్లో అభ్యాసానికి రాత్రి భోజనాల తరువాత పది నిమిషాలు చాలు. ఒక్కొక్కరు నాలుగు వాక్యాలు చెప్పాలి: రోజూ చేసే పని ఒకటి, రేపు చేయనిశ్చయించుకొన్నది ఒకటి, ఏర్పాటు జరిగినది ఒకటి, ఎవరికైనా ఇస్తున్న మాట ఒకటి. అమ్మకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. ‘ఇది రోజూ చేసేదా, రేపు చేసేదా?’ అని ఆమె తెలుగులో అడిగితే చాలు. ఆ ప్రశ్న అడిగేవారు లేకనే ఆ అబ్బాయి ఉద్యోగం పోయింది.

ఈ నెల ఈ ఐదు వాక్యాలను ఇంగ్లీషులోకి మార్చండి. 1. మా నాన్న దుకాణంలో పనిచేస్తారు. 2. ఉండండి, నేను మంచినీళ్లు తెస్తాను. 3. వాన తగ్గాక బయలుదేరుతాం. 4. అన్నయ్య ఆదివారం దుబాయ్ వెళ్తున్నాడు, టికెట్ వచ్చింది. 5. నేను నర్సింగ్ చదవబోతున్నాను. మొదటి వాక్యంలో ‘విల్’ రాసినవారు ఈ పాఠాన్ని మళ్లీ మొదటి నుంచి చదవాలి.

భవిష్యత్తును పలకడంలో విశ్వాసులకు వ్యాకరణానికి మించిన నియమం ఒకటి ఉంది. ఏ పనిని గురించి అయినా, అల్లాహ్ తలిస్తే అన్న మాట చేర్చకుండా, రేపు తప్పక చేస్తానని చెప్పవద్దని దివ్య ఖుర్ఆన్‌లోని అల్ కహఫ్ సూరా 23, 24 ఆయతులు ఉపదేశిస్తున్నాయి. ఇంటర్వ్యూలో ‘ఇన్‌షా అల్లాహ్’ అనవచ్చా, అవతలివారు తప్పుగా అనుకోరా అని కొందరు పాఠకులు అడిగారు. నిస్సంకోచంగా అనవచ్చు. ఇంగ్లీషువారికీ ‘గాడ్ విల్లింగ్’ అనే మాట ఉంది. ఒకప్పుడు వారు ఉత్తరాలలో దైవానుగ్రహం ఉంటే అనే అర్థంలో ‘డి.వి.’ అని రెండక్షరాలు రాసేవారు. అయితే ముందు వాక్యం పూర్తిగా, స్పష్టంగా ఉండాలి. ‘ఐ విల్ రిపోర్ట్ ఆన్ మండే ఎట్ నైన్, ఇన్‌షా అల్లాహ్’ అంటే అది మాట. రోజూ లేదు, వేళా లేదు, ఉత్త ‘ఇన్‌షా అల్లాహ్’ మాత్రమే అంటే, అది తప్పించుకోవడమని వినేవారు అనుకొంటారు. పలుమార్లు వారు అనుకొన్నదే నిజమవుతున్నది కూడా.

ఖుర్ఆన్‌లో ఈ మాట పలికినవారిని చూడండి. హజ్రత్ ఇస్మాయీల్ (అలైహిస్సలాం) తండ్రితో, అల్లాహ్ తలిస్తే తనను సహనశీలిగా చూస్తారని చెప్పి, అన్నట్లే తలవంచారు. అదే కహఫ్ సూరాలో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన ప్రయాణ సహచరునితో సహనం వహిస్తానని ఇదే మాట చేర్చి చెప్పారు. తాను చూసిన దృశ్యాల ముందు ప్రశ్నించకుండా ఉండలేకపోయారు. ఒకరికి సాధ్యమైంది, ఒకరికి కాలేదు. ఇద్దరూ మాత్రం చేయాలన్న నిజమైన సంకల్పంతోనే అన్నారు. ఆ సంకల్పం లేకుండా పలికితే, ఆ మాట వెనుక మన బద్ధకాన్ని దాచుకొన్నట్లే. మాట ఇచ్చి తప్పడాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కాపట్య చిహ్నాలలో ఒకటిగా లెక్కించారు.

ఇక ఉత్తరంలో మాకు సంబంధించిన వాక్యం. ఒక వలీమా విందులో ఆ అబ్బాయి మాకు కలిశాడు. ఇంటర్వ్యూ ఉందని చెబితే, ‘ముందు రోజు రాత్రి ఫోను చేస్తాం, ప్రశ్నలు అడిగి అభ్యాసం చేయిస్తాం, ఇన్‌షా అల్లాహ్’ అన్నాం. చేయలేదు. జబ్బు లేదు, ప్రయాణం లేదు. మరచిపోయాం. ఆ తల్లి రాసినది ఇంతే: ‘మీరు పనుల్లో ఉండి ఉంటారు. బాబు ఆ రాత్రి పదకొండు దాకా ఫోను పక్కన పెట్టుకొని కూర్చొన్నాడు.’

నిందించి ఉంటే తేలికగా ఉండేది. మేము ‘చేస్తాం’ అన్నది అలవాటూ కాలేదు, భవిష్యత్తూ కాలేదు. ఉత్త శబ్దంగా మిగిలింది. ఉత్తరం అందిన రోజే ఆ అబ్బాయికి ఫోను చేసి క్షమాపణ కోరాం. ఇప్పుడు వారానికి మూడు రాత్రులు, ఇషా నమాజు తరువాత అరగంట అతడితో ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నాం. మొన్న ‘ఏం పని చేస్తావు?’ అని అడిగితే, క్షణం ఆగి, ‘ఐ రిపేర్ ఏసీస్. ఐ హావ్ త్రీ ఇయర్స్ ఎక్స్‌పీరియెన్స్’ అన్నాడు. మరొక ఇంటర్వ్యూ వచ్చే నెలలో ఉంది. అతడి కోసం దుఆ చేయండి.

వచ్చే సంచికలో ఈ ఐదు వాక్యాలకు సమాధానాలు ఇస్తాం. ఇంటర్వ్యూలో తన గురించి తాను చెప్పుకోవడం ఎలాగో కూడా రాస్తాం, ఇన్‌షా అల్లాహ్. ఈసారి ఆ మాటను తేదీతో సహా డైరీలో రాసుకొన్నాం.